పల్లేరుగూడకు నూటికి నూరు

మహానగరం నిండిపోయిందన్న సంగతి అందులో ఉంటున్నవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ప్రభుత్వానికి తెలియడానికి మాత్రం ఒక పెద్దమనిషి కారు ఒక కూడలిలో పూటంతా ఇరుక్కుపోవలసి వచ్చింది. దిగే దారి లేక ఆ పెద్దమనిషి ఆలోచనలో పడ్డాడు. అలవాటు లేనివారికి వచ్చిన ఆలోచన ఊరికే పోదు, ఒక కార్యాలయాన్ని కని మరీ పోతుంది. అలా పుట్టిందే శివారు అభిరుచి ప్రాధికార సంస్థ. జనం నగరం విడిచి శివార్లకు తరలాలి. తరలాలంటే ఏ శివారు మంచిదో వాళ్లకు తెలియాలి. తెలియాలంటే ఎవరో ఒకరు తేల్చి చెప్పాలి. ఇన్ని మెట్లు ఎక్కాక ఆ పైమెట్టు మీద సంయుక్త సంచాలకులూ ఉప సంచాలకులూ, వారికి జీపులూ ఉండడం సహజమే.

అంతకు ముందు ఈ పని జనమే చేసుకునేవారు. ఏ ఆదివారమో వెళ్లి, అక్కడి టీ తాగి, నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లను “నీళ్లు రోజూ వస్తాయా?” అని అడిగి, వాళ్లు నవ్విన తీరును బట్టి ఇల్లు కొనాలో వద్దో తేల్చుకునేవారు. హైమవతి పద్ధతి ఇంకొంచెం నిక్కచ్చిగా ఉండేది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగకాలమంతా ఒకరి మాటను ఇంకొకరికి కలిపి, తాను మాట్లాడడానికి మాత్రం ఎవరూ లేని ఒక అద్దె వాటాలో ఒంటరిగా బతికి, పదవీ విరమణ చేసిన మనిషి ఆమె. శివారులో చిన్న ఇల్లు కొనుక్కోవాలని నిశ్చయించుకున్నాక, ఏ శివారునైనా కరెంటు పోయిన సాయంత్రమే చూడాలని నియమం పెట్టుకుంది. దీపాలు వెలుగుతున్నంతసేపూ ఏ వీధైనా మర్యాదస్థురాలే. దాని అసలు గుణం కరెంటు పోయాకే బయటపడుతుంది.

కొన్ని చోట్ల జనరేటర్లు మొరిగాయి గాని తలుపులు తెరుచుకోలేదు. ఒకచోట గేటు కాపలాదారు ఆమె పేరూ ఊరూ వచ్చిన పనీ అడిగి, ఏ పనీ లేదన్నందుకు వెనక్కి పంపాడు. పల్లేరుగూడలో మాత్రం కరెంటు పోయిన మరుక్షణం గుమ్మాల్లోంచి కుర్చీలు బయటికి వచ్చాయి, వాటి వెనక మనుషులు వచ్చారు. మసక చీకట్లో నిలబడ్డ హైమవతిని వీధి మలుపులో టీకొట్టు నడిపే మాణెమ్మ పలకరించింది.

“ఎవరింటికొచ్చినవ్ అక్కా?”

“ఎవరింటికీ కాదమ్మా. ఊరికే, చూద్దామని.”

“గట్లయితే కూసొని చూడు. నిలవడితే ఏం కనవడ్తది?”

ఒక కుర్చీ ఆమె వైపు జరిగింది. అది ఎవరిదో, ఎవరు జరిపారో హైమవతికి తెలియలేదు. మరుసటి నెలలో ఆమె ఆ వీధిలోనే ఇల్లు కొన్నది. నిజానికి ఆమెకు కావలసింది ఆ కుర్చీ. అది విడిగా అమ్మరు గనుక ఇల్లు కూడా కొనవలసి వచ్చింది.

కొన్నేళ్ల తరువాత ఆమె చేసిన తప్పల్లా, అడిగిన అధికారికి నిజం చెప్పడం.

ఆ అధికారి పేరు విశ్వంభరం, ప్రాధికార సంస్థలో సంయుక్త సంచాలకులు. ప్రజాభిరుచిని సేకరించడానికి జీపులో పల్లేరుగూడ వచ్చి, మొదట కనిపించిన మనిషి దగ్గర ఆగారు. ఆ మనిషి హైమవతి.

“అమ్మా, ఈ శివారు పట్ల తమరికి గల అభిరుచికి ప్రాతిపదిక ఏమిటి?”

“కరెంటు పోతే అందరూ బయటికొచ్చి కూర్చుంటారండీ.”

విశ్వంభరం సహాయకుడి వైపు తిరిగారు. “ఇంధన పొదుపు పట్ల ప్రజాచైతన్యం. రాసుకో. ఇంకా, అమ్మా?”

“ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటారు.”

“పరస్పర సమాచార వినిమయం. ఇంకా?”

“ఎండాకాలంలో వీధివీధంతా కలిసి ఆవకాయ పెట్టుకుంటాం.”

“సామూహిక ఆహార భద్రత,” అన్నారు విశ్వంభరం, సహాయకుడి చేతిలోంచి కలం తీసుకుని తానే రాస్తూ. “ఇటువంటి శివారు ఇంతకాలం సంస్థ దృష్టికి రాకపోవడం మా లోపం. ఆ లోపాన్ని సత్వరమే సవరిస్తాం.”

హైమవతి దాన్ని మెచ్చుకోలు అనుకుంది. ప్రభుత్వ భాషలో మెచ్చుకోలుకూ నోటీసుకూ మధ్య ఎంత సన్నటి గోడ ఉంటుందో, టెలిఫోన్ల శాఖలో అన్నేళ్లు పనిచేసిన మనిషికి తెలిసి ఉండవలసింది.

పల్లేరుగూడ ‘ఉత్తమ నివాసయోగ్య శివారు’ పోటీకి ఎంపికైంది. కాలనీ సంఘం అధ్యక్షుడు పెంటారెడ్డి ఆ వార్త అందిన సాయంత్రమే వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టించాడు. అందులో పల్లేరుగూడ ఒక మూల ఉంది, మిగతాదంతా పెంటారెడ్డి ఉన్నాడు. ఆయనది ఇనుప సామాన్ల దుకాణం. పక్కనే ఎవరి పేరా లేని జాగా ఏమైనా ఉంటే అది తన పేర ఉండాలని కోరుకునే సాధారణ గృహస్థు. “ర్యాంకు రానియ్యి మేడం, గజం ధర ఎట్ల లేస్తదో చూడుండ్రి,” అని హైమవతికి అభినందనలు చెప్పాడు.

కొలతల బృందం రోహిణి కార్తెలో వచ్చింది. ఆ ఉదయమే పల్లేరుగూడ ఆవకాయ పెడుతోంది. వీధి పొడుగునా కత్తిపీటలు టకటకమంటున్నాయి. ఒక అరుగు మీద ఆవపిండి, మరో అరుగు మీద కారం. మధ్యలో, అల్లంవెల్లుల్లి వెయ్యందే అది తొక్కే కాదనే మాణెమ్మకూ, వేస్తే అది ఆవకాయే కాదనే హైమవతికీ ఏటా జరిగే యుద్ధం. ఒకరి జాడీ నుంచి ఒకరు ముద్ద కలిపించుకుని తిన్నాక గాని ఆ యుద్ధం ముగియదు.

బృందం చప్పుడు కొలిచే యంత్రాన్ని, దుమ్ము కొలిచే యంత్రాన్ని దింపింది. వాసన కొలిచే యంత్రం ఇంకా టెండరు దశలోనే ఉన్నందువల్ల ఒక ఉప సంచాలకుల ముక్కును తాత్కాలికంగా వినియోగిస్తున్నారు. ఆ ముక్కు ఆవపిండి ఉన్న అరుగు పక్కగా నడిచింది. అటుపైన వరసగా వచ్చిన తుమ్ములను చప్పుడు యంత్రం విధేయంగా నమోదు చేసింది. తుమ్ములు సంస్థవే అయినా అవి వెలువడిన ప్రదేశం పల్లేరుగూడ గనుక, నిబంధనల ప్రకారం పల్లేరుగూడ ఖాతాలోకే వెళ్లాయి.

నూటికి పదకొండు మార్కులు వచ్చాయి.

ఫలితం ప్రకటించడానికి విశ్వంభరం స్వయంగా వచ్చారు. ప్రతి శివారుకూ పుట్టుకతోనే నూరు మార్కులు ఉంటాయనీ, సంస్థ వాటిని ఇవ్వదనీ, లోపం కనబడినప్పుడల్లా తీసివేయడం మాత్రమే దాని పని అనీ వివరించారు. ఆవకాయ వాసనకు కొన్ని, మాణెమ్మ పొయ్యి పొగకు కొన్ని, ఆటోల హారన్లకు కొన్ని, ‘ఉద్దేశరహిత సంభాషణ’కు చాలా పోయాయి.

“మొదటి స్థానం ఎవలకొచ్చింది సార్?” అన్నాడు పెంటారెడ్డి.

“తమ పొరుగునే ఉన్న నందన విహార్‌కు. తొంభై తొమ్మిది.”

పల్లేరుగూడ వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నందన విహార్ అంటే ఒక వెంచర్. పెద్ద ఆర్చి, దాని కింద గేటు, గేటు వెనక నంబర్లు వేసిన రాళ్లు. రాళ్ల మధ్య గడ్డి. ప్లాట్లు కొన్నవాళ్లు ఒకసారి వచ్చి, తమ రాయి పక్కన ఫొటో దిగి వెళ్లిపోయాక ఇంకెవరూ ఆ వైపు రాలేదు.

“అక్కడ ఎవరూ ఉండరు కదండీ?” అంది హైమవతి.

“అందువల్లనే ఉండడానికి అది అత్యంత అనువైన ప్రదేశంగా తేలిందమ్మా.”

“మరి ఆ ఒక్క మార్కు ఎందుకు పోయింది?”

“కొలతల సమయంలో అక్కడి కాపలాదారు దగ్గాడు. యాజమాన్యం సంస్కారవంతమైనది. ఇప్పుడు కాపలాదారు లేడు.”

చెడ్డ నిబంధన ఒక్కటే ఉంటే మనుషులు దాన్ని పక్కన పెట్టి బతకగలరు. దానికి ఒక బహుమతిని కూడా కట్టారా, మనుషులే దాన్ని నెత్తికెత్తుకుని ఊరేగిస్తారు. పెంటారెడ్డి మరుసటి ఆదివారమే సర్వసభ్య సమావేశం పిలిచి పల్లేరుగూడను నందన విహార్ స్థాయికి ఎత్తుతానని ప్రతిజ్ఞ చేశాడు.

మొట్టమొదట మాణెమ్మ టీకొట్టు పోయింది. “నా పొయ్యి పొగతోని మీ ర్యాంకు నల్లవడ్తదంటే నేనెందుకుంట అన్నా? నువ్వు పొద్దుగాల లేసి ఎవలి శాయ తాగుతవో తాగు,” అని పెంటారెడ్డికి చెప్పి, ఆమె తన గిన్నెలు ఆటోలో వేసుకుని వెళ్లింది. తరువాత కత్తిపీటలు, రోళ్లు వెళ్లాయి. వడియాలు ఎండబెట్టడం ‘దృశ్య కాలుష్యం’ అయింది. వీధిలో వేసిన కుర్చీకి ‘అక్రమ ఆసనం’ అని పేరు వచ్చింది.

హైమవతి పెంటారెడ్డి ఇంటికి వెళ్లింది.

“కరెంటు పోయినప్పుడైనా బయట కూర్చోనివ్వండి, పెంటారెడ్డి గారూ.”

“కూసుంటే మాట్లాడ్తరు మేడం. మాట్లాడితే మిషన్ల పడ్తది.”

“మాట్లాడకూడదంటే ఎలాగండీ?”

“మాట్లాడొద్దని ఎవలన్నరు? ఇంట్ల తలుపేస్కొని మంచిగ మాట్లాడుకోండ్రి.”

“నేనొక్కదాన్నే. ఎవరితో మాట్లాడను?”

“ఇంకేం మరి. మీ ఇంటి పద్దుల ఒక్క మార్కు గూడ పోదు.” పెంటారెడ్డి ఆ మాట నిజమైన ఆదరంతోనే అన్నాడు. అది ఆమెకు మరీ కష్టంగా తోచింది. అద్దె వాటాలో బతికిన ఏళ్లన్నీ వెతుక్కుంటూ పల్లేరుగూడ వచ్చి, ఆమె ఇంట్లోనే దిగినట్టయింది.

మార్కులు పెరిగాయి గాని నూరు రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కోవడానికి సంస్థ నిపుణుల సంఘాన్ని నియమించింది. నిపుణులు నగరంలోని ఒక పెద్ద హోటల్లో చల్లగా కూర్చుని శివార్లను అధ్యయనం చేశారు. పోయిన ప్రతి మార్కు వెనకా వెళ్లి దాని కారణాన్నీ, ఆ కారణానికి కారణాన్నీ పట్టుకున్నారు. చప్పుడు మనుషుల వల్ల వస్తోంది. చెత్త మనుషుల వల్ల వస్తోంది. మురుగునీరు సూటిగా మనుషుల నుంచే వస్తోంది. కుక్కలు సైతం మనుషులు విసిరే అన్నం వల్లనే ఉంటున్నాయి. నివేదిక చివరి వాక్యాన్ని విశ్వంభరం పల్లేరుగూడ సమావేశంలో లేచి నిలబడి చదివారు.

“నివాసయోగ్యతకు నివాసులే ప్రధాన ప్రతిబంధకమని ఈ సంఘం సవినయంగా భావిస్తున్నది.”

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే మార్కులు పోతాయి.

సిద్ధాంతాన్ని ఆచరణలో పరీక్షించడానికి ‘వంతులవారీ నివాసం’ వచ్చింది. ఒక వారం సరిసంఖ్య ఇళ్లవాళ్లు ఉండాలి, మరో వారం బేసిసంఖ్య ఇళ్లవాళ్లు. వంతు లేనివాళ్లు నగరంలో బంధువుల ఇళ్లకు వెళ్లి తలదాచుకున్నారు. ఏ నగరాన్ని ఖాళీ చేయడానికి ఈ సంస్థ పుట్టిందో ఆ నగరం మునుపటి కన్నా కిక్కిరిసింది. ఆ పాత కూడలిలో ఆ పెద్దమనిషి కారు మళ్లీ ఇరుక్కుంది. కానీ నగరం శివారు కాదు గనుక ఆ సంగతి సంస్థ పరిధిలోకి రాలేదు. పల్లేరుగూడ మార్కులు మాత్రం ఎనభై దాటాయి. సగం మంది లేకపోతేనే ఇంత మేలు జరిగినప్పుడు అందరూ లేకపోతే ఎంత జరుగుతుందో, లెక్క తెలిసిన పిల్లవాడికైనా తెలుస్తుంది. సంస్థకూ తెలిసింది.

కొలతలు తీసే పక్షం రోజులూ అందరినీ తీర్థయాత్రకు పంపారు. పల్లేరుగూడకు నూటికి నూరు వచ్చాయి. ఆ నూరు చెదరకుండా, యాత్ర నుంచి తిరిగొచ్చినవాళ్లను వీధి మొదట్లోనే ఆపేశారు.

సన్మాన సభను నగరంలోని ఒక ఆడిటోరియంలో ఏర్పాటు చేశారు. పల్లేరుగూడలో చేస్తే చప్పట్లు కొలతలోకి వస్తాయి. ఆ శివారును మొట్టమొదట ఇష్టపడిన పౌరురాలిగా హైమవతిని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, మైకు అందించారు.

“తమ శివారు ఇప్పుడు ఎలా ఉన్నదో సభకు విన్నవించండి, అమ్మా,” అన్నారు విశ్వంభరం.

“బయటినుంచి చూస్తే చాలా బాగుందండీ. లోపల ఎలా ఉందో తెలియదు. మమ్మల్ని రానివ్వడం లేదు.”

సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు సద్దుమణిగాక, ఈ ఘనతను శాశ్వతం చేయడానికి పల్లేరుగూడను ‘సంరక్షిత శివారు’గా ప్రకటిస్తున్నట్టు విశ్వంభరం చదివారు. వేదిక దిగుతున్న ఆయనను హైమవతి మెట్ల దగ్గర ఆపింది.

“అంటే మా ఇళ్లు తీసుకుంటున్నారా?”

“ఎంత మాట. తమ ఇంటి మీద తమ హక్కు సంపూర్ణంగా సురక్షితం. హక్కును సంస్థ తాకను కూడా తాకదు. కేవలం తమ ఉనికిని మాత్రమే ఉపసంహరించుకోవలసిందిగా కోరుతున్నాం.”

“ఉనికి ఉపసంహరించుకుని నేనెక్కడుండాలండీ?”

“తమరికి ఇష్టమైన శివారును ఎంచుకునే స్వేచ్ఛ తమరికి ఉండనే ఉన్నది. సంస్థ పరమోద్దేశం అదే కదా.”

మొదటి వరసలో కూర్చున్న పెంటారెడ్డి ముఖంలో అప్పటికి నెత్తురు లేదు. ఆయన చెప్పినట్టే గజం ధర ఆకాశాన్ని తాకింది. కాని కొన్నవాడు అందులో ఉండడానికి వీలులేదు గనుక కొనేవాడు లేకుండా పోయాడు. పల్లేరుగూడ నేల మీద అంత విలువ, దాని మీద నిలబడడానికి ఒక్క మనిషి లేకుండా, ఎండలో మెరుస్తూ పడి ఉంది.

హైమవతి సంస్థవారి ర్యాంకుల పట్టికను అడుగు నుంచి పైకి చదివింది. చిట్టచివర బూడిదగుట్ట ఉంది. నగరం చెత్తనంతా ఒకప్పుడు తగలబెట్టిన చోటు. చెత్త ఇప్పుడు ఇంకెక్కడికో పోతున్నా పేరూ దుమ్మూ మిగిలాయి. దానికి మార్కులే లేవు. దారిలో దుమ్ముకు యంత్రం మూగబోవడంతో కొలతల బృందం మధ్యలోనే వెనుదిరిగింది. సంస్థ జీపు చేరని ఊరు ఇంకా ఒకటి ఉన్నదని తెలిసి, హైమవతి శాలువాను మడిచి పెట్టెలో వేసుకుని బస్సెక్కింది. ఈసారి కరెంటు పోయేదాకా ఆగవలసిన అవసరం రాలేదు. బూడిదగుట్టలో కరెంటు ఉండడమే తక్కువ.

బస్సు దిగిన చోటనే పొగ లేస్తోంది. పొగ కింద మాణెమ్మ ఉంది.

“వచ్చినవా అక్కా? శాన లేటయింది. పెంటారెడ్డన్న నిన్ననే దిగిండు.”

పెంటారెడ్డి నిజంగానే అక్కడ ఒక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫ్లెక్సీ మీద కన్నా బాగా చిక్కిపోయాడు. లేచి, ఆ కుర్చీని ఆమె వైపు జరిపాడు. ఆ తరువాత మిగతా పల్లేరుగూడ వచ్చింది. వాళ్ల వెనక, ఇతర ఉత్తమ శివార్ల నుంచి ఉనికిని ఉపసంహరించుకున్నవాళ్లు వచ్చారు. తరువాత నగరం నుంచి కూడా జనం రాసాగారు. వచ్చే రోహిణి కార్తెకల్లా బూడిదగుట్ట వీధుల్లో కత్తిపీటలు టకటకమన్నాయి. అల్లంవెల్లుల్లి యుద్ధం మళ్లీ మొదలైంది.

ఇంతమంది ఒకచోట చేరితే ఆ సంగతి ఏదో ఒక గణాంకంలో పడక మానదు. పడింది.

జీపు వస్తోందన్న కబురు మొదటి మలుపులోనే అందింది. విశ్వంభరం దిగేసరికి కత్తిపీటలు ఆగిపోయాయి, వీధి దిగాలుగా కూర్చుని ఉంది.

“చిట్టచివరి స్థానంలో ఉన్న శివారుకు ప్రజాప్రవాహం ఈ స్థాయిలో ఉండడం సంస్థను విస్మయానికి గురిచేసింది,” అన్నారు ఆయన. తరువాత హైమవతిని గుర్తుపట్టారు. “అమ్మా, తమరిక్కడ? ఈ శివారు పట్ల అభిరుచికి ప్రాతిపదిక ఏమిటి?”

“అభిరుచి ఏమిటండీ. గతిలేక.”

“ఇక్కడ పరస్పర సమాచార వినిమయం ఉన్నదా?”

“ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోమండీ. వీళ్లెవరో కూడా నాకు తెలియదు.”

మాణెమ్మ తల ఊపింది. “ఈమె ఎవరో నాకు గూడ ఎర్కలే సార్. పోయినేడు తొక్కుల అల్లంవెల్లుల్లి వద్దని లొల్లి వెట్టుకుంది, అప్పటిసంది మాటల్లేవ్.”

“మరి ఈ కుర్చీలు?”

“అమ్మకానికి పెట్టినం సార్,” అన్నాడు పెంటారెడ్డి. “ఒక్కడు గూడ కొంటలేడు.”

కొత్తగా కాపురానికి వచ్చిన ఒక అమ్మాయికి ఈ విద్య ఇంకా పట్టుబడలేదు. “ఇక్కడ చాలా...” అని నోరు తెరిచింది. హైమవతి ఆమె కాలు తొక్కింది. “చాలా కష్టంగా ఉంది సార్,” అని ఆ అమ్మాయి ముగించింది, నొప్పి వల్ల ఎంతో నమ్మకంగా.

మనుషులు తమకు ప్రాణమైన ప్రతి వస్తువునూ ఒక్కొక్కటిగా ఎత్తి చూపి తిట్టారు. పక్కింటివాళ్లు నిద్రపోనివ్వరన్నారు. సాయంత్రమైతే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారన్నారు. ఒంట్లో బాగాలేకపోతే వీధివీధంతా వచ్చి ప్రాణం తీస్తారన్నారు. హైమవతి ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె గొంతు వణికింది. విశ్వంభరం దాన్ని దుఃఖమని నమ్మారు. ఆయన ముఖంలోని ఉత్సాహం చల్లారింది. ఇక్కడ సవరించడానికి తగినంత మంచి ఏదీ లేదని ఆయనకు రూఢి అయింది. జీపు వైపు తిరిగారు.

ఆ క్షణంలో మాణెమ్మ, ఎదుట నిలబడ్డవాడికి టీ ఇవ్వకుండా పంపడం చేతగాని మనిషి గనుక, చెయ్యి చాచి గ్లాసు అందించింది. ఆయన తీసుకున్నారు. ఒక గుక్క తాగి ఆగారు. మరో గుక్క తాగారు.

“టీ మాత్రం బాగుంది,” అన్నారు.

పెంటారెడ్డి కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. మాణెమ్మ చేతిలోని టీ జాలి నుంచి చుక్కలు నేల మీద పడుతున్నాయి. సహాయకుడు జేబులోంచి కలం తీసి మూత విప్పాడు.

హైమవతి ముందుకు వచ్చి, తల వంచి, చేతులు జోడించింది.

“పొరపాటున కుదిరిందండీ. ఇకమీదట ఇలా జరగకుండా చూసుకుంటాం.”